చలి రాని రాత్రికి లెక్క లేదు

ఆదిలాబాద్‌లోనో సిర్పూరులోనో ఉష్ణోగ్రత ఒంటి అంకెకు పడిపోతే మర్నాడు పేపర్లో చలిమంట ఫొటో తప్పదు. బడివేళలు మారతాయి, దుప్పట్లు పంచేవాళ్లు బయల్దేరతారు, డాక్టర్లు జాగ్రత్తలు చెబుతారు. అదే దిల్‌సుఖ్‌నగర్‌లో డిసెంబరు రాత్రి ఫ్యాను తిరగనిదే నిద్ర పట్టకపోతే అది ఎవరికీ వార్త కాదు. ‘‘ఈసారి చలే లేదన్నా’’ అంటాడు టీకొట్టు దగ్గర ఒకాయన. ‘‘మంచిగనే ఉంది కదా’’ అంటాడు పక్కాయన. మాట అక్కడితో అయిపోతుంది. ఎవరినీ బాధ పెట్టనట్టు కనిపించే ఈ వెచ్చదనంతోనే ఈ వారం నా పేచీ.

ముందుగా వాతావరణ శాఖ కొలమానాల సంగతి చూద్దాం. మైదాన ప్రాంతాల్లో రాత్రి కనిష్ఠం 10 డిగ్రీలకు దిగి, అది మామూలు కంటే 4.5 డిగ్రీలు తక్కువైతే శీతల గాలులని ప్రకటిస్తారు. పగటి గరిష్ఠం 40 డిగ్రీలకు చేరి, మామూలు కంటే 4.5 డిగ్రీలు ఎక్కువైతే వడగాలులంటారు. వేడి రాత్రులకూ ఒక నిర్వచనం ఉంది. రాత్రి ఉష్ణోగ్రత మామూలు కంటే 4.5 డిగ్రీలు పెరిగితే వేడి రాత్రి కింద లెక్క. అయితే దానికి ఒక షరతు పెట్టారు. ఆ పగటి గరిష్ఠం 40 డిగ్రీలో అంతకు మించో ఉండాలి. హైదరాబాద్‌లో జనవరి పగలు 40 డిగ్రీలకు చేరే ప్రసక్తే లేదు. కాబట్టి జనవరి రాత్రి ఉండాల్సిన దాని కంటే ఆరు డిగ్రీలు ఎక్కువున్నా అది ఏ హెచ్చరికలోకీ రాదు, ఏ అధికారి బల్ల మీదికీ ఫైలుగా వెళ్లదు. చలి ఎక్కువైతే పట్టించుకునే ఏర్పాటు ఉంది. ఎండ ఎక్కువైతే పట్టించుకునే ఏర్పాటూ ఉంది. చలి రాకపోతే పట్టించుకునే ఏర్పాటే లేదు.

మాఘమాసంలో మాకులు కూడా వణుకుతాయని పెద్దల మాట. ఈమధ్య మాఘాల తీరు వేరు. దేశంలో 1901 నుంచి ఉన్న రికార్డులు తిరగేస్తే, 2023 ఫిబ్రవరిలో పగటి ఉష్ణోగ్రతల సగటు అంతకు ముందెన్నడూ లేనంత ఎక్కువ. రెండేళ్లు తిరిగేసరికి, 2025 ఫిబ్రవరిలో రాత్రీ పగలూ కలిపిన సగటు కొత్త రికార్డు పెట్టింది. ఆ రెంటి మధ్య వచ్చిన 2024 దేశంలో అత్యంత వేడి సంవత్సరం. ఇదే హైదరాబాద్‌లో 1946 జనవరి 8న 6.1 డిగ్రీల చలి నమోదైంది. ఆ రోజులు మళ్లీ రావాలని నేను కోరడం లేదు. డిసెంబరులో బేగంపేట కేంద్రం సగటు కనిష్ఠం 15 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. ఆ మాత్రం చలి కూడా నిలకడగా పడని చలికాలాలను మామూలుగా తీసుకోవడం దగ్గరే నాకు అభ్యంతరం.

మధ్యధరా సముద్రంలోని సిసిలీ ద్వీపంలో అయితే దీన్ని మామూలుగా తీసుకోవడం కుదరదు. అక్కడ వాన పడేది చలికాలంలోనే. చలికాలం వెచ్చగా, పొడిగా గడిచిపోయిందంటే ఆ ఏడాది నీళ్లకు ఎసరు వచ్చినట్టే. 2024లో అదే జరిగింది. మే నెలలో ఇటలీ ప్రభుత్వం సిసిలీలో అత్యవసర పరిస్థితి ప్రకటించింది. అగ్రిజెంటో పట్టణంలో నీళ్లు వంతుల వారీగా వదిలారు. పెర్గూసా సరస్సు ఎండిపోయింది. అక్కడివాళ్లకు వెచ్చని జనవరి అంటే ఎండిన కుళాయి. మనకు వాన జూన్‌లో వస్తుంది కాబట్టి వెచ్చని జనవరి ఏమీ అడగకుండా వెళ్లిపోయినట్టు అనిపిస్తుంది. అసలు బిల్లు ఏప్రిల్‌లో చేతికొస్తుంది. అప్పటికి ఇది జనవరి బిల్లని గుర్తుపట్టేవాళ్లుండరు.

మన చలి ఎక్కణ్ణుంచి వస్తుంది? ఉత్తరం నుంచి, ఈశాన్యం నుంచి వీచే పొడిగాలి నుంచి. ఆ గాలి ఆడి, ఆకాశం నిర్మలంగా ఉంటే, పగలు నేల తాగిన వేడి రాత్రికి పైకి వెళ్లిపోతుంది. తెల్లారేసరికి ఒళ్లు వణుకుతుంది. బంగాళాఖాతంలో అల్పపీడనమో తుపానో పట్టిందంటే గాలి తూర్పుకు, ఆగ్నేయానికి తిరుగుతుంది. తేమ వస్తుంది, మబ్బు కమ్ముతుంది, నేల వేడి పైకి పోలేక కిందే ఉండిపోతుంది. కోస్తాలో వాన కురిస్తే మనకు ఉక్కపోత మిగులుతుంది. పసిఫిక్‌లో ఎల్‌నినో ఉన్న ఏళ్లలో చలి మరింత మెత్తబడుతుంది. వీటన్నిటి వెనక మొత్తం భూగోళమే వేడెక్కుతోంది. పారిశ్రామిక యుగానికి ముందున్న సగటు కంటే 1.5 డిగ్రీలు దాటిన మొదటి సంవత్సరంగా 2024ను ఐరోపా వాతావరణ సంస్థ కోపర్నికస్ గుర్తించింది. ఇది ఎల్బీనగర్ చౌరస్తాలో తేలే సమస్య కాదు.

ఎల్బీనగర్ చౌరస్తాలో తేలే సమస్య ఇంకొకటి ఉంది. చలికాలపు ఉదయం నగరంలో ఎక్కడెంత చలి పడిందో జాబితా చూడండి. తక్కువ అంకెలున్న పేర్లు ఏటా దాదాపు అవే. సెంట్రల్ యూనివర్సిటీ, రాజేంద్రనగర్, పటాన్‌చెరు, మన తూర్పు వైపున హయత్‌నగర్. వీటన్నిటికీ ఉమ్మడిగా ఉన్నదొకటే. అక్కడ ఇంకా కట్టని భూమి ఉంది. హయత్‌నగర్‌లో ‘క్రీడా’ వారి పరిశోధన క్షేత్రం ఉంది. క్రీడా అంటే కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ. దాని ప్రధాన కార్యాలయం దిల్‌సుఖ్‌నగర్‌కు కూతవేటు దూరంలో సంతోష్‌నగర్‌లోనే ఉంది. వాతావరణ మార్పులను తట్టుకునే సేద్యం మీద 2011 నుంచి జాతీయ స్థాయిలో నడుస్తున్న నిక్రా పథకానికి అదే కేంద్రం. దేశమంతటి రైతుకు మారిన వాతావరణం గురించి చెప్పే సంస్థ మన పక్క బస్తీలో ఉంది. మన బస్తీ గాలి ఎలా మారిందో మాత్రం మనం అడగలేదు.

పొలం తొందరగా చల్లబడుతుంది, కాలనీ చల్లబడదు. కారణం తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. పగలు వేడెక్కిన వస్తువు రాత్రి ఆ వేడిని ఆకాశంలోకి వదలాలి. పొలానికి తలపైన ఆకాశమంతా తెరిచే ఉంటుంది. చైతన్యపురిలోనో కొత్తపేటలోనో నూటయాభై గజాల్లో ఐదంతస్తులు లేచిన గల్లీలో నిలబడి తలెత్తితే ఆకాశం ఎంత కనిపిస్తుంది? ఒక చీర వెడల్పు. ఈ గోడ వదిలిన వేడిని ఎదురు గోడ తీసుకుంటుంది, దాని వేడి దీనికి వస్తుంది. స్లాబులు, సిమెంటు రోడ్లు, ఎల్బీనగర్ చుట్టూ అల్లుకున్న ఫ్లైఓవర్లు, 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఇక్కడిదాకా మెట్రో నడవడానికి లేచిన స్తంభాలు, పట్టాల వంతెన, ఇవన్నీ పగటి ఎండను దాచుకుని తెల్లవారుజాము దాకా వదులుతూనే ఉంటాయి. మెట్రో వద్దని కాదు. అది లేని రోజుల్లో మలక్‌పేట దాటడానికి పట్టిన సమయం నాకు బాగా గుర్తు. ఎంత కాంక్రీటు పెంచామో అంత వేడి లెక్కలో చేరిందని మాత్రం ఒప్పుకోవాలి. పగటి ఎండలో మనకీ హయత్‌నగర్ పొలానికీ పెద్ద తేడా కనిపించకపోవచ్చు. తేడా తెలిసేది రాత్రి. నగరం వేడిని ముందుగా పట్టిచ్చేది మేలోని మధ్యాహ్నం కాదు, చలి పడాల్సిన తెల్లవారుజాము.

ఇక్కడ చెరువుల మాట ఎలాగూ వస్తుంది. సరూర్‌నగర్ చెరువు కుతుబ్‌షాహీల నాటిది, 17వ శతాబ్దంలో తవ్విందని చెబుతారు. చెరువు నిండితే రాత్రులు చల్లబడతాయని ఉపన్యాసాల్లో వింటాం. అది పూర్తిగా నిజం కాదు. నీళ్లు నేలంత తొందరగా చల్లారవు. చలిరాత్రి చెరువు గట్టు కంటే బీడు భూమే చల్లగా ఉంటుంది. చెరువు చేసే మేలు పగలు. ఎండను మింగి, ఆవిరితో చుట్టుపక్కల గాలిని చల్లబరుస్తుంది. చెరువుకు ఎగువనున్న భూమి, నీరు పారే కాలువ, వాటి మధ్య ఖాళీలు చేసే మేలు రాత్రి. ఆ ఖాళీలనే మనం కాలనీలు చేశాం. 2020 అక్టోబరు 13న రాత్రి హయత్‌నగర్‌లో దాదాపు 30 సెంటీమీటర్ల వాన కురిసినప్పుడు ఆ సంగతి ఇంటింటికీ తెలిసొచ్చింది. సరూర్‌నగర్ దిగువన కోదండరాంనగర్ మునిగింది. ఆ తర్వాతా మునిగింది. వానాకాలంలో నీళ్లు ఇంకడానికి చోటు లేకపోవడం, చలికాలంలో వేడి పోవడానికి చోటు లేకపోవడం ఒకే తప్పుకు రెండు ఫలితాలు. మొదటిదానికి పడవలు దించాం, రెండోదానికి ఫ్యాను స్విచ్ వేశాం.

పోయినవాటి మాట అలా ఉంచితే, తూర్పు హైదరాబాద్‌కు మిగిలినవీ ఉన్నాయి. వనస్థలిపురం పక్కన మహావీర్ హరిణ వనస్థలి 14.59 చదరపు కిలోమీటర్ల మేర ఉంది. ఒకప్పుడు నిజాంల వేటమైదానం. వర్ధమాన మహావీరుడి 2500వ నిర్వాణ సంవత్సరం సందర్భంగా 1975లో జింకల పార్కు అయింది, 1994లో జాతీయ పార్కు అయింది. కృష్ణజింకల కోసం కాపాడుకున్న ఆ గడ్డినేల మనుషుల రాత్రులకూ పనికొస్తోంది. అంబర్‌పేటలో మట్టితో పూడిపోయిన బతుకమ్మకుంటను ప్రభుత్వ సంస్థ హైడ్రా తవ్విస్తే నీళ్లు పైకొచ్చాయి, 2025 సెప్టెంబరులో కుంట మళ్లీ కుంటగా తెరుచుకుంది. మనసు పెడితే పోయింది తిరిగి వస్తుందనడానికి అంతకంటే దగ్గరి సాక్ష్యం అక్కర్లేదు.

వెచ్చని చలికాలం ఖర్చు ఎవరు భరిస్తున్నారో ఇప్పుడు చూద్దాం. అందరి కంటే ముందు పై అంతస్తువాళ్లు. దిల్‌సుఖ్‌నగర్‌లో గ్రూప్స్‌కో బ్యాంకు పరీక్షకో కోచింగ్‌కు వచ్చిన పిల్లల్లో చాలామంది ఉండేది డాబా మీద వేసిన రేకుల గదుల్లో, లేదంటే చివరి అంతస్తు హాస్టల్లో. అద్దె తక్కువ కాబట్టి. చలికాలమంటే ఆ గదులకు ఏడాదిలో దొరికే ఒకే ఒక్క సెలవు. ఆ మూడు నెలలే పిల్లలు తెరిపిన పడుకునేది, చదువుకునేది. ఆ సెలవు ఇప్పుడు కుదించుకుపోతోంది. నవంబరు దాకా ఉక్క, ఫిబ్రవరి నడిమి నుంచి మళ్లీ ఉక్క. ఏసీ ఉన్నవాడికి ఇది కరెంటు బిల్లులో ఒక అదనపు వరుస. లేనివాడికి నిద్రలేని రాత్రి, మర్నాడు మెట్రోలో నిలబడి కునికిపాట్లు.

ఆ తర్వాత దోమలు. మూసీ మన వైపున చైతన్యపురి, నాగోలు పక్కగా పారుతుంది. మురికినీటిలో గుర్రపుడెక్క పట్టిన చోటల్లా క్యూలెక్స్ దోమకు పుట్టిల్లు. మంచి చలి పడితే దోమ లార్వా ఎదుగుదల నెమ్మదిస్తుంది, దోమకూ ఆకలి మందగిస్తుంది. చలి పడకపోతే సంక్రాంతికే మూసీ పక్క కాలనీల్లో సాయంత్రం ఆరు కాకముందే తలుపులు మూసుకోవాలి. ఫాగింగ్ బండి ఏ నెలలో రావాలన్నది పాత క్యాలెండరు ప్రకారమే నడుస్తుంది. దోమ మాత్రం కొత్త వాతావరణం ప్రకారం నడుచుకుంటుంది.

మామిడి సంగతి చెప్పకుండా కొత్తపేట వాళ్ల ముందు ఈ వ్యాసం ముగించలేను. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ 1986 నుంచి ఇక్కడే ఉండేది. 2021లో బాటసింగారం తరలిపోయింది, ఆ స్థలంలో ప్రభుత్వం టిమ్స్ ఆసుపత్రి కడుతోంది. మార్కెట్ వెళ్లిపోయినా మామిడి ధర గురించి మాట్లాడే అలవాటు ఈ వీధుల్ని వదల్లేదు. మామిడి చెట్టు పూతకు రావాలంటే దానికి చలి తగలాలి. డిసెంబరు, జనవరి రాత్రులు 15 డిగ్రీల చుట్టుపక్కలకు దిగి కొన్ని వారాలు నిలకడగా ఉంటే కొమ్మ చివర పూమొగ్గ కడుతుంది. రాత్రులు వెచ్చగా ఉంటే అదే కొమ్మ పూతకు బదులు చిగురేస్తుంది. తోట పచ్చగా కళకళలాడుతుంది, రైతుకు మాత్రం కడుపు మండుతుంది. వచ్చిన కాస్త పూతా ఒకేసారి రాదు, విడతలుగా వస్తుంది. మబ్బు పడితే తేనెమంచు పురుగు, బూడిద తెగులు. ప్రతి విడతకూ మందు కొట్టాలి. జగిత్యాలలో, కొల్లాపూర్‌లో తోటలు కౌలుకు పట్టినవాడి నష్టం ఏప్రిల్‌లో దిల్‌సుఖ్‌నగర్ తోపుడుబండి మీద కిలో ధరగా మనకు కనిపిస్తుంది. రోడ్డు పక్క స్వెట్టర్లు కుప్ప పోసుకుని కూర్చున్న వ్యాపారి నష్టం అంత దూరం పోకముందే, సంక్రాంతికి అమ్ముడుపోక మిగిలిన మూటల్లోనే తేలిపోతుంది.

ఎదురు వాదన ఉంది, అందులో పస కూడా ఉంది. చలికి ఫుట్‌పాత్ మీద పడుకునేవాళ్లు ప్రాణాలు పోగొట్టుకుంటారు. ఆస్తమా ఉన్నవాళ్లు, ముసలివాళ్లు చలికి భయపడతారు. బాగా చలి పడ్డ రాత్రుల్లో గాలి కదలక వాహనాల పొగ, దుమ్ము నేలబారునే ఆగిపోతాయి. తెల్లారుజామున విజయవాడ రోడ్డు మీద నడకకు వెళ్లేవాళ్లు పీల్చేది ఆ గాలే. పైగా ప్రతి ఏడూ ఇలాగే ఉండదు, మధ్యలో ఎముకలు కొరికే చలికాలాలూ వస్తున్నాయి. ఇవన్నీ నిజమే. అయితే ఫుట్‌పాత్ మీది మనిషికి కావలసింది రాత్రి బస, వెచ్చని జనవరి కాదు. ఆ మనిషే మే నెలలో అదే ఫుట్‌పాత్ మీద పడుకుంటాడు. పొగకు మందు పొగ తగ్గించడమే. ఒక ఏడాది గట్టిగా చలి పడితే పదేళ్ల ధోరణి మారిపోదు. పైగా ఆ చలి కూడా హయత్‌నగర్ పొలంలో పడ్డంతగా చైతన్యపురి గల్లీలో పడదు. ఆ తేడా మన చేతుల్లో తయారైంది.

మన చేతుల్లో తయారైనదాన్ని దిద్దడానికి ఒక విధానం ఇప్పటికే కాగితం మీద ఉంది. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం చల్లని పైకప్పుల విధానం తెచ్చింది. 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల పైకప్పులను ఎండను తిప్పికొట్టేలా మార్చాలని, అందులో 200 చదరపు కిలోమీటర్లు హైదరాబాద్‌లోనే ఉండాలని లక్ష్యం. మంచి ఆలోచన. ఇది గాల్లో కట్టిన మేడ కాదు. 2017లో దేవరకొండ బస్తీలో పాతిక దాకా పేదల ఇళ్ల కప్పులపై తెల్లటి పొర పరిచి చూస్తే గదిలో వేడి సగటున రెండు డిగ్రీలు తగ్గింది. చిక్కు నిబంధనలో ఉంది. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు ఇది తప్పనిసరి. ఇళ్లకైతే 600 గజాలు, ఆపైన ఉన్న స్థలాలకే తప్పనిసరి. ఎల్బీనగర్ నియోజకవర్గంలో 600 గజాల ఇల్లు ఎన్ని కాలనీల్లో ఉంది? ఇక్కడి బతుకంతా వంద గజాల్లో, నూటయాభై గజాల్లో, రెండు వందల గజాల్లో. వాళ్లకు ఈ విధానం ‘మీ ఇష్టం’ అని చెప్పి ఊరుకుంది. పైగా అది ప్రధానంగా కొత్తగా కట్టే ఇళ్లను చూస్తుంది, కట్టేసిన డాబాల మీదే కదా రేకుల గదులున్నాయి. రాత్రి వేడి ఎక్కడ పేరుకుపోయిందో సరిగ్గా అక్కడే నిబంధన ఆగిపోయింది.

కాబట్టి అడగాల్సినవి మూడు. ఒకటి, చలికాలపు వేడి రాత్రికి లెక్క. 40 డిగ్రీల షరతు వేసవికి ఉంచండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మామూలు కంటే 4.5 డిగ్రీలు పెరిగిన ప్రతి రాత్రినీ వేరుగా రాసి, బేగంపేట అంకెతో సరిపెట్టకుండా సరూర్‌నగర్, హయత్‌నగర్ మండలాల అంకెలు పక్కపక్కన ప్రకటించండి. కొలిచే యంత్రాలు రాష్ట్ర ప్రణాళికా శాఖ దగ్గర ఉన్నాయి, కొత్తగా కొనక్కర్లేదు. రెండు, పన్ను రాయితీ. ఏప్రిల్‌లో ఏడాది ఆస్తి పన్ను ముందే కట్టేస్తే బల్దియా 5 శాతం తగ్గిస్తోంది. డాబాకు సున్నమో తెల్లటి పెయింటో వేసిన చిన్న ఇంటికి, రేకుల గది కప్పుకు తెలుపు వేసిన యజమానికి ఇంకొంత తగ్గిస్తే పోయేదేమిటి? జనవరి నుంచి మార్చి దాకా వాన భయం పెద్దగా లేదు, పూత ఆరడానికి ఇంతకంటే మంచి రోజులు లేవు. మూడు, ఖాళీ భూమి. హయత్‌నగర్ క్షేత్రం, హరిణ వనస్థలి, చెరువుల ఎగువన ఇంకా మిగిలిన బీడు, వీటిని ఎవరో కొని కట్టవలసిన స్థలాలుగా చూడడం మానాలి. చెరువుల పూడిక, నాలాల శుభ్రత జూన్ మొదటి వారంలో టెండరు పిలిచే పనులు కావు, ఈ పొడి నెలల్లో చేయాల్సినవి.

వేసవి ప్రణాళిక అని మనం పిలిచేది మార్చిలో మొదలవుతుంది. అప్పటికి స్లాబు వేడెక్కే ఉంటుంది. చలివేంద్రం పెట్టడం, ఓఆర్ఎస్ ప్యాకెట్లు పంచడం తప్ప చేయగలిగింది మిగలదు. 2025 ఏప్రిల్‌లో ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, చనిపోయినవారి కుటుంబానికి 4 లక్షల రూపాయలు ఇవ్వాలని నిర్ణయించింది. అది సబబైన పని, చాలా కాలంగా అడుగుతున్నది కూడా. మనిషి పోయాక నాలుగు లక్షలు ఇవ్వడానికి జీవో ఉంది కాబట్టి, ఆ మనిషి పడుకునే రేకుల గది కప్పుకు జనవరిలోనే సున్నం వేయించడానికీ ఒక జీవో ఇవ్వండి.